ఐదు కిలోవోల్టుల ఎలక్ట్రాన్ గన్: పుంజాన్ని పుట్టించి, కొలిచిన పదమూడు వారాల డైరీ

మొదటి వారం

ఈ ప్రాజెక్టు లక్ష్యాన్ని క్లుప్తంగానే చెప్పవచ్చు. టంగ్‌స్టన్ ఫిలమెంట్ నుంచి వెలువడే ఎలక్ట్రాన్లను 5 కిలోవోల్టుల పొటెన్షియల్‌తో పరుగెత్తించి, సన్నని పుంజంగా మలిచి, ఆ పుంజంలో కరెంటు ఎంత, వెడల్పు ఎంత, ఎమిటెన్స్ ఎంత అన్న మూడు ప్రశ్నలకు నమ్మదగిన జవాబులు రాబట్టాలి. పుంజపు వెడల్పును, అందులోని ఎలక్ట్రాన్ల దిశల చెదురును కలిపి చెప్పే కొలతనే ఎమిటెన్స్ అంటారు. లెన్స్‌తో పుంజాన్ని ఇరుకు చేస్తే దిశల చెదురు పెరుగుతుంది, చెదురును తగ్గిస్తే వెడల్పు పెరుగుతుంది, ఆ రెండింటి లబ్ధం మాత్రం తగ్గదు. అందుకే యాక్సిలరేటర్ ఎంత పెద్దదైనా, పుంజం నాణ్యతకు పై హద్దు దాని మొదటి కొన్ని సెంటీమీటర్లలోనే, అంటే ఎలక్ట్రాన్లు పుట్టే చోటనే ఖరారైపోతుంది.

అమరిక ఇది. ఫిలమెంట్, దాని చుట్టూ వేనెల్ట్ గిన్నె (ఋణ వోల్టేజితో ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని అదుపు చేసేది), ఒక సెంటీమీటరు ఎడంలో నడుమ రంధ్రమున్న ఆనోడ్. ఆనోడ్ నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఇనుప కవచంలో చుట్టిన 500 చుట్ల సోలినాయిడ్ లెన్స్, అంటే అయస్కాంత క్షేత్రంతో పుంజాన్ని కేంద్రీకరించే తీగచుట్ట, ఉంటుంది. అక్కడి నుంచి మరో 45 సెంటీమీటర్లకు ఒకే కడ్డీ మీద ముందుకూ వెనక్కూ జరిగే, ఎలక్ట్రాన్లు తాకితే వెలిగే తెర, పుంజం కరెంటును కొలిచే ఫారడే కప్ ఉంటాయి. గొట్టం లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లు. ఈ సంఖ్యలన్నీ తరువాత ఒక్కొక్కటిగా పనికి వస్తాయి కాబట్టి ఇక్కడే నమోదు చేస్తున్నాను.

5 కిలోవోల్టులనే ఎంచుకోవడానికి కారణం భద్రత. ఈ శక్తి వద్ద పుట్టే ఎక్స్-కిరణాలు ఉక్కు గోడను గానీ, కిటికీ మందపాటి గాజును గానీ దాటి రాలేవు. అయితే ప్రాణాపాయం కిరణాల వల్ల కాదు, తీగల వల్ల. గన్‌లో ఆనోడ్, గొట్టం భూమితో కలిసి ఉంటాయి కనుక, ఫిలమెంట్‌ను వేడి చేసే పవర్ సప్లై మొత్తం మైనస్ 5 కిలోవోల్టుల మీద తేలుతూ ఉంటుంది. చూడడానికి అది మామూలు 2 వోల్టుల సప్లైలాగే కనిపించడమే అసలు ప్రమాదం. దాన్ని ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో నడుపుతూ, పారదర్శకమైన పెట్టెలో బిగించి, మూత తెరవగానే హై వోల్టేజి ఆగిపోయేలా స్విచ్ అమర్చాము. మూత తెరిచాక కూడా గ్రౌండింగ్ కడ్డీని తాకించిన తరువాతే చేయి పెట్టాలన్నది మేము రాసుకున్న మొదటి నియమం.

రెండు, మూడు వారాలు

ఫిలమెంట్ 0.125 మిల్లీమీటర్ల వ్యాసం గల టంగ్‌స్టన్ తీగ. దాదాపు 10 మిల్లీమీటర్ల పొడవున, తలపిన్నులా వంచి, రెండు స్తంభాలకు అతికించాము. ఎలక్ట్రాన్లు వచ్చేది ఆ వంపు కొన నుంచి. టంగ్‌స్టన్ పని ప్రమేయం, అంటే ఒక ఎలక్ట్రాన్‌ను లోహం నుంచి బయటికి లాగడానికి కావలసిన శక్తి, 4.5 ఎలక్ట్రాన్‌వోల్టులు. వేడి లోహం నుంచి వెలువడే కరెంటు ఉష్ణోగ్రతను బట్టి ఎంత నిటారుగా పెరుగుతుందో రిచర్డ్‌సన్ సమీకరణం చెబుతుంది. టంగ్‌స్టన్‌కు లెక్క వేస్తే 2300 కెల్విన్ వద్ద చదరపు సెంటీమీటరుకు 0.04 ఆంపియర్లు, 2500 వద్ద 0.32, 2700 వద్ద 1.75 వస్తాయి. నాలుగు వందల డిగ్రీలకు నలభై రెట్లు. ఓవెన్ రిచర్డ్‌సన్‌కు 1928 నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది ఈ సంబంధమే.

ఇంత నిటారైన సంబంధంలో ఉష్ణోగ్రతను ఉజ్జాయింపుగా చెబితే చాలదు. వెలుగును బట్టి ఉష్ణోగ్రతను చెప్పే పైరోమీటరు లేనందున, తీగ నిరోధాన్నే థర్మామీటరుగా వాడాము. టంగ్‌స్టన్ నిరోధకత 300 కెల్విన్ నుంచి 2500 కెల్విన్‌కు వెళ్లేసరికి 13 రెట్లవుతుంది. చల్లగా ఉన్నప్పుడు మా తీగ నిరోధం 0.046 ఓములే కాబట్టి, అతుకుల నిరోధం, వైర్ల నిరోధం దాన్ని మింగేస్తాయి. మొదటి రోజు రెండు వైర్లతో కొలిచినప్పుడు 0.11 ఓములు వచ్చింది. కరెంటుకు రెండు, వోల్టేజికి రెండుగా నాలుగు వైర్లు వేసిన తరువాతే అసలు విలువ బయటపడింది.

తరువాత ఉద్గార కరెంటును వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద కొలిచి రిచర్డ్‌సన్ రేఖను గీస్తే, వాలు నుంచి పని ప్రమేయం 4.5కు బదులు 4.2 వచ్చింది. ఆనోడ్ విద్యుత్ క్షేత్రం అవరోధాన్ని కొంత తగ్గించే షాట్కీ ప్రభావమే కారణమని ముందు అనుకున్నాను. కానీ మీటరుకు 10 లక్షల వోల్టుల క్షేత్రం కూడా ఆ అవరోధాన్ని 0.04 ఎలక్ట్రాన్‌వోల్టులు మాత్రమే తగ్గించగలదు, మా క్షేత్రమైతే అందులో సగమే. అసలు కారణం స్తంభాలు. తీగ చివర్ల నుంచి వేడి స్తంభాల్లోకి పోతుంది కాబట్టి, నిరోధం చెప్పేది తీగ మొత్తం సగటు ఉష్ణోగ్రతను, ఎలక్ట్రాన్లను విడుదల చేసేదేమో కొన. కొన 2500 కెల్విన్ వద్ద ఉన్నప్పుడు సగటు నిరోధం 13 రెట్లు కాక 12 రెట్లే ఉంటుంది. ఈ ఏడు శాతం సవరణ చేయగానే 4.2 కాస్తా 4.5 అయింది. కొలిచే పరికరం దేన్ని కొలుస్తున్నదన్న ప్రశ్న ఈ ప్రాజెక్టులో మొదటిసారి ఇక్కడ ఎదురైంది.

నాలుగో వారం

పీడనం టర్బో పంపుతో 3×10⁻⁶ మిల్లీబార్‌కు దిగింది. ఈ పీడనం వద్ద గాలి అణువుల సగటు స్వేచ్ఛాపథం, అంటే రెండు ఢీల మధ్య సాగే దూరం, 20 మీటర్లకు పైనే ఉంటుంది కనుక 65 సెంటీమీటర్ల ప్రయాణానికి అడ్డేమీ లేదు. హై వోల్టేజిని మెట్లు మెట్లుగా పెంచి, 6 కిలోవోల్టుల వద్ద ఒక గంట నిలిపి, నిప్పురవ్వలు ఆగిన తరువాత 5కు దించాము.

ఈ వారంలోనే రెండు ఫిలమెంట్లు పోయాయి, రెండూ నా చేతుల మీదుగానే. తీగ పూర్తిగా చల్లారకముందే గాలి వదలడంతో మొదటిది పోయింది. తెరిచి చూస్తే వేనెల్ట్ గిన్నె లోపల పసుపుపచ్చ టంగ్‌స్టన్ ఆక్సైడ్ పొడి సన్నని పూతలా పరుచుకుని ఉంది. రెండోది స్విచ్ వేసిన క్షణంలోనే తెగింది. చల్లని తీగ నిరోధం వేడి తీగలో పన్నెండో వంతే కాబట్టి, ఒక్కసారిగా వోల్టేజి ఇస్తే కరెంటు ఉప్పెనలా దూసుకువస్తుంది. ఇప్పుడు సప్లై రెండు నిమిషాలపాటు నెమ్మదిగా పెరిగి 2.5 ఆంపియర్లకు చేరుతుంది.

ఐదో వారం

పుంజం ఉంది, కానీ లేదు. కాథోడ్ (ఫిలమెంట్) సప్లై 104 మైక్రోఆంపియర్లు పోతున్నదని చెబుతుంటే, ఆనోడ్ 6 మైక్రోఆంపియర్లు అందుకుంటున్నానని చెబుతోంది. మిగిలిన 98 చివరి కప్‌కు చేరాలి. అక్కడ మీటరు సున్నా చూపింది. తెరను ముందుకు జరిపితే అదీ చీకటే.

రెండు రోజులపాటు గన్‌నే అనుమానించాము. ఫిలమెంట్ కొన ఆనోడ్ రంధ్రానికి ఎదురుగా లేదేమోనని విప్పి, మళ్లీ బిగించి, మళ్లీ గాలి తీశాము. మూడో రోజు ఒక చిన్న అయస్కాంతాన్ని చేత్తో పట్టుకుని గొట్టం వెంబడి జరుపుతూ ఉంటే, ఒక చోట తెర అంచు మీద ఆకుపచ్చ మెరుపు వచ్చి మాయమైంది. అయస్కాంతాన్ని అక్కడే నిలిపితే మెరుపూ నిలిచింది.

ఆ తరువాత కాగితం మీద రెండు వరుసల లెక్కతో విషయం తేలిపోయింది, మొదటి వారంలోనే చేయవలసిన లెక్క అది. 5 కిలోఎలక్ట్రాన్‌వోల్టుల ఎలక్ట్రాన్ కాంతి వేగంలో 14 శాతం వేగంతో పోతుంది. దాన్ని వంచడం ఎంత కష్టమో చెప్పే కొలత, అంటే ద్రవ్యవేగాన్ని ఆవేశంతో భాగించగా వచ్చేది, 2.4×10⁻⁴ టెస్లా-మీటర్లు మాత్రమే. భూమి అయస్కాంత క్షేత్రం ప్రాంతాన్ని బట్టి 25 నుంచి 65 మైక్రోటెస్లాల మధ్య ఉంటుంది. మా గొట్టానికి లంబంగా ఉన్న భాగం 40 మైక్రోటెస్లాలు. అంటే పుంజం 6 మీటర్ల వ్యాసార్థం గల వృత్తం మీద నడుస్తున్నది. 65 సెంటీమీటర్లు వెళ్లేసరికి 35 మిల్లీమీటర్లు పక్కకు జరగాలి, కానీ గొట్టం వ్యాసార్థం 19 మిల్లీమీటర్లే. పుంజం ఆనోడ్ నుంచి 48 సెంటీమీటర్ల దగ్గర గోడను ఢీకొని అక్కడే భూమిలోకి పోతున్నది. గన్ మొదటి రోజు నుంచీ చక్కగానే పనిచేస్తున్నది, మేమే దాన్ని రెండుసార్లు విప్పాము.

పరిష్కారంగా గొట్టానికి రెండు వైపులా మీటరు పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రాకారపు తీగచుట్టలను అమర్చాము. ఒక్కో చుట్టలో 20 చుట్లు, వాటిలో మూడోవంతు ఆంపియర్ కరెంటు పోతే 40 మైక్రోటెస్లాలు రద్దవుతాయి. ఆ కరెంటును నెమ్మదిగా పెంచుతుంటే తెర మీదికి పచ్చని చుక్క పక్క నుంచి ప్రవేశించి మధ్యకు నడిచి వచ్చింది. దాన్ని చూడడానికి గదిలో దీపాలు ఆర్పవలసిన అవసరం కూడా లేకపోయింది.

ఆరో వారం

ఫారడే కప్ అన్న మాట వినగానే ఎలక్ట్రాన్లను పట్టే గిన్నె అని తట్టి, అందులో ఆలోచించవలసింది ఏముందనిపిస్తుంది. తొందరలో ముందుగా ఒక రాగి పలకనే పెట్టి కొలిచాము. 98 రావలసిన చోట 31 మైక్రోఆంపియర్లు వచ్చింది. పలకకు 60 వోల్టుల ధన వోల్టేజి ఇస్తే 69కి పెరిగింది. వోల్టేజిని ఇంకా పెంచినా ఆ 69 కదలలేదు.

ఈ మూడు సంఖ్యలు కలిసి ఒక కథ చెబుతాయి. ఎలక్ట్రాన్ లోహాన్ని తాకినప్పుడు రెండు రకాల ఎలక్ట్రాన్లు తిరిగి బయటికి వస్తాయి. లోహంలోని ఎలక్ట్రాన్లే తట్టి లేపినట్టుగా బయటపడితే వాటిని గౌణ ఎలక్ట్రాన్లు అంటారు. వాటి శక్తి ఎక్కువగా 50 ఎలక్ట్రాన్‌వోల్టుల లోపే ఉంటుంది కాబట్టి 60 వోల్టులు వాటిని వెనక్కి లాగేస్తాయి. 31 నుంచి 69కి పెరిగిన భాగం అదే. రెండో రకం, వచ్చిన ఎలక్ట్రానే లోహంలో దారి మళ్లి దాదాపు అదే శక్తితో వెనక్కి పోయేది. రాగి మీద పడిన వాటిలో సుమారు 30 శాతం ఇలా వెనుదిరుగుతాయి, వేల ఎలక్ట్రాన్‌వోల్టులతో పోయే వాటిని 60 వోల్టులు ఆపలేవు. 98లో 30 శాతం పోతే మిగిలేది 69.

కాబట్టి వోల్టేజితో కాక ఆకారంతో పట్టాలి. 12 మిల్లీమీటర్ల నోరు, 60 మిల్లీమీటర్ల లోతు గల గొట్టం చేసి, అడుగున గ్రాఫైట్ బిళ్ల వేశాము. గ్రాఫైట్ మీద వెనుదిరిగేవి 6 శాతమే. అడుగు నుంచి బయలుదేరిన వాటిలో నోటి గుండా బయటపడగలిగేవి, నోటి వ్యాసార్థాన్ని లోతుతో భాగించి వర్గం చేస్తే వచ్చినన్ని, అంటే వందో వంతు. నోటి ముందు మైనస్ 100 వోల్టుల రింగును కూడా అమర్చాము. కొత్త కప్ 98 చూపింది, కాథోడ్ నుంచి పోయిన 104, ఆనోడ్ పట్టిన 6తో లెక్క పైసలతో సహా సరిపోయింది. రింగు వోల్టేజిని తీసివేసినా 98 దాదాపు కదలకపోవడం నాకు ఎక్కువ సంతోషం కలిగించింది. పని చేసేది లోతేనని, రింగు ముందుజాగ్రత్త మాత్రమేనని దానితో రుజువైంది.

ఏడు, ఎనిమిది వారాలు

తెర కోసం పీ43 ఫాస్ఫర్ పూసి, పైన పలుచని అల్యూమినియం పొర వేసిన గాజును వాడాము. అది 545 నానోమీటర్ల వద్ద పచ్చగా వెలుగుతుంది, వెలుగు చల్లారడానికి మిల్లీసెకను పడుతుంది. 98 మైక్రోఆంపియర్ల పుంజం అర వాట్ వేడిని మోసుకువస్తుంది, దాన్ని అర మిల్లీమీటరు చుక్కగా కుదిస్తే తెర మాడుతుంది. అందుకని తెర పనులన్నిటికీ వేనెల్ట్ వోల్టేజితో కరెంటును 2 మైక్రోఆంపియర్లకు దించాము.

కెమెరా చిత్రం నుంచి చుక్క వెడల్పును, అంటే వెలుగు పంపిణీ వర్గ మధ్యమ మూలాన్ని (కేంద్రం నుంచి దూరాల వర్గాల సగటుకు వర్గమూలం), లెక్కించే ప్రోగ్రామ్‌కు ఇరవై పంక్తులు చాలు. అయితే చిత్రంలో ఎంత భాగాన్ని కత్తిరించి ఇస్తే జవాబు అంతగా మారింది. చుక్క చుట్టూ 6 మిల్లీమీటర్ల చతురస్రం తీసుకుంటే 0.6 మిల్లీమీటర్లు, 12 మిల్లీమీటర్లది తీసుకుంటే 1.1. చతురస్రాన్ని బట్టి మారే సంఖ్య పుంజానిది కాదు. ఈ లెక్కలో ప్రతి పిక్సెల్ వెలుగు చుక్క కేంద్రం నుంచి దానికున్న దూరపు వర్గంతో గుణితమవుతుంది కనుక, అంచుల్లో ఉండే అతి బలహీనమైన నేపథ్యం కూడా అపారమైన బరువుతో లెక్కలోకి వస్తుంది.

నేపథ్యాన్ని తీసివేయడానికి మొదట ఫిలమెంట్‌ను ఆర్పి తీసిన చిత్రాన్ని వాడాము. తప్పు కొంత తగ్గింది కానీ పోలేదు. కారణం తరువాత చాలా సాదాగా కనిపించింది. 2500 కెల్విన్ వద్ద ఉన్న టంగ్‌స్టన్ ఒక చిన్న బల్బు. దాని వెలుగు ఆనోడ్ రంధ్రం గుండా గొట్టం గోడల మీద మెరుస్తూ వచ్చి, అల్యూమినియం పూతలోని సూదిమొన రంధ్రాల గుండా కెమెరాకు చేరుతున్నది. ఫిలమెంట్‌ను ఆర్పితే పుంజంతోపాటు ఆ వెలుగూ పోతుంది, కాబట్టి తీసివేయవలసినది తీసివేతలో లేకుండా పోతుంది. ఫిలమెంట్ వెలుగుతుండగానే వేనెల్ట్‌కు ఎక్కువ ఋణ వోల్టేజి ఇచ్చి ఎలక్ట్రాన్లను మాత్రమే ఆపి తీసిన చిత్రమే సరైన నేపథ్యం. ఆ మార్పు తరువాత చతురస్రాన్ని ఎంత పెంచినా వెడల్పు రెండో దశాంశంలోనే కదులుతున్నది.

తొమ్మిదో వారం

ఎమిటెన్స్‌ను సోలినాయిడ్ స్కాన్ పద్ధతిలో కొలిచాము. లెన్స్ కరెంటును అంచెలంచెలుగా మారుస్తూ ప్రతి అంచెలోనూ తెర మీది వెడల్పును కొలిచి, ఆ వెడల్పు వర్గాన్ని లెన్స్ బలానికి ఎదురుగా గీస్తే పరావలయం వస్తుంది. దాని అడుగు ఎంత లోతుగా, ఎంత ఇరుకుగా ఉన్నదన్న దాని నుంచి ఎమిటెన్స్ తేలుతుంది. మా లెన్స్ 0.35 ఆంపియర్ల వద్ద, 7 మిల్లీటెస్లాల క్షేత్రంతో, చుక్కను అతి చిన్నది చేసింది. అక్కడ నిలువు వెడల్పు 0.42 మిల్లీమీటర్లు, అడ్డం వెడల్పు 0.54. వేగపు సవరణతో కలిపి చెప్పే సాధారణీకృత ఎమిటెన్స్ నిలువునా 0.19, అడ్డంగా 0.25 మిల్లీమీటర్-మిల్లీరేడియన్లు వచ్చింది.

సిద్ధాంతం చెప్పేది ఇంతకంటే చాలా తక్కువ. 0.1 మిల్లీమీటరు వ్యాసార్థం గల చదునైన ఉపరితలం 2500 కెల్విన్ వద్ద ఎలక్ట్రాన్లను విడుదల చేస్తే, ఆ వేడి వల్ల వచ్చే పక్కచలనం ఎమిటెన్స్‌ను 0.03 మాత్రమే చేస్తుంది. మాది దానికి ఆరు రెట్లు. వంపు తీగ కొన చదునుగా ఉండదు, పక్కల నుంచి కూడా ఎలక్ట్రాన్లు వస్తాయి. ఆనోడ్ తరువాత ఒక మిల్లీమీటరు రంధ్రం గల పలకను పెట్టి అంచు ఎలక్ట్రాన్లను కత్తిరిస్తే కరెంటు 0.6 మైక్రోఆంపియర్లకు, నిలువు ఎమిటెన్స్ 0.09కి తగ్గాయి. కాబట్టి ఈ ఆరు రెట్లలో ఎక్కువ భాగం పుంజం అంచులదే. అర్థం కానిది అడ్డానికీ నిలువుకూ ఉన్న తేడా.

పదో వారం

ఆ తేడాకు సులువైన వివరణ చేతిలోనే ఉంది. తలపిన్ను ఆకారపు ఫిలమెంట్ ఒక దిశలో పొడవు, రెండో దిశలో పొట్టి. పుంజం కూడా అలాగే ఉంటుందని అనుకోవడంలో తప్పేమీ లేదు, నివేదికలో ఆ వాక్యం రాసేశాను కూడా.

దాన్ని కొట్టివేయించింది సోలినాయిడ్‌కు ఉన్న ఒక గుణం. గాజు లెన్స్‌లా కాక, సోలినాయిడ్ పుంజాన్ని కేంద్రీకరించడంతోపాటు దాని అక్షం చుట్టూ తిప్పుతుంది కూడా. మా లెన్స్ 0.35 ఆంపియర్ల వద్ద 26 డిగ్రీలు తిప్పుతుంది. కరెంటు దిశను తిరగేస్తే కేంద్రీకరణ ఏమీ మారదు, తిప్పుడు మాత్రం రెండో వైపుకు 26 డిగ్రీలవుతుంది. చుక్క సాగుదలకు కారణం ఫిలమెంట్ అయితే, తీగల కొసలు మార్చగానే ఆ సాగుదల 52 డిగ్రీలు తిరగాలి. తీగలు మార్చాము. చుక్క అలాగే అడ్డంగా, ఒక్క డిగ్రీ కూడా తిరగకుండా నిలిచి ఉంది. అంటే దాన్ని సాగదీస్తున్నది లెన్స్‌కు ముందు లేదు, తరువాతే ఉంది.

కెమెరా ఒక్కో చిత్రాన్ని 40 మిల్లీసెకన్లపాటు తీస్తున్నది. దాన్ని 1 మిల్లీసెకనుకు తగ్గించి, సున్నితత్వం పెంచి, వంద చిత్రాలు తీశాను. ప్రతి చిత్రంలోనూ చుక్క గుండ్రంగానే ఉంది, 0.41 మిల్లీమీటర్లు. కానీ దాని కేంద్రం మాత్రం ఒక చిత్రానికీ మరో చిత్రానికీ అడ్డంగా ఇటూ అటూ అర మిల్లీమీటరు మేర ఊగుతున్నది. నిలువునా కదలిక లేదు. 40 మిల్లీసెకన్లంటే 50 హెర్ట్జ్ మెయిన్స్‌కు సరిగ్గా రెండు చక్రాలు, కనుక పాత చిత్రాల్లో ఆ ఊగులాట అంతా సాగిన చుక్కగా ముద్రపడింది. అర మిల్లీమీటరు ఊగులాటకు వర్గ మధ్యమ మూలం 0.35. దాన్ని 0.41తో వర్గాల పద్ధతిలో కలిపితే 0.54 వస్తుంది. తేడా మొత్తానికి లెక్క కుదిరింది.

ఈ ఊగులాటకు పెద్ద క్షేత్రమేమీ అక్కరలేదు. లెన్స్ ఆపి ఉంచితే, ఒక్క మైక్రోటెస్లా మార్పుకే చుక్క 0.9 మిల్లీమీటర్లు జరుగుతుంది. ‘ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒకసారి అడ్డంగా తిప్పి చూడండి’ అని మా సహచరుడు అన్నారు. తిప్పగానే చుక్క సాగే దిశ మారింది. భద్రత కోసం తెచ్చి తెర పక్కన అర మీటరు దూరంలో పెట్టుకున్న ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరే ఇన్నాళ్లూ కొలతను పాడుచేస్తున్నది, కంచే చేను మేసినట్టు. దాన్ని మీటరున్నర దూరానికి జరిపాము. ఇలాంటి చెదురు క్షేత్రం దూరపు ఘనం చొప్పున తగ్గుతుంది కనుక మూడు రెట్ల దూరానికి 27వ వంతు అవుతుంది. ఇప్పుడు ఎమిటెన్స్ రెండు దిశల్లోనూ 0.19. నివేదికలోని ఆ వాక్యాన్ని తీసివేశాను.

పెద్ద యంత్రాలకు కూడా ఇలాంటి అనుభవాలు తప్పలేదు. 2009 ఏప్రిల్‌లో తొలి ఎక్స్-కిరణ లేజర్ కాంతిని ఇచ్చిన, అమెరికాలోని ఎల్‌సీఎల్‌ఎస్ యాక్సిలరేటర్‌లో పుంజం ఆకారాన్ని చూడడానికి ఎలక్ట్రాన్లు పలుచని లోహపు రేకులను దాటేటప్పుడు వచ్చే వెలుగును, అంటే ట్రాన్సిషన్ వికిరణాన్ని, వాడాలనుకున్నారు. ఎలక్ట్రాన్ల గుంపును కుదించిన తరువాత అవి ఒకే తాళంలో వెలుగును వెదజల్లడంతో ఆ తెరలు పుంజం అసలు ఆకారాన్ని చూపలేకపోయాయి. చివరికి అక్కడ సన్నని తీగను పుంజానికి అడ్డంగా జరిపే వైర్ స్కానర్లనే ఆశ్రయించారు.

పదకొండు, పన్నెండు వారాలు

2 మైక్రోఆంపియర్ల వద్ద వచ్చిన సంఖ్య 98 వద్ద కూడా నిలుస్తుందా అన్నది తరువాతి ప్రశ్న. తెర మాడకుండా ఉండడానికి వేనెల్ట్‌తో పుంజాన్ని సెకనుకు పదిసార్లు, ఒక్కోసారి 20 మైక్రోసెకన్లు మాత్రమే వదిలాము. స్కాన్ చేస్తే బిందువులు పరావలయం మీద సరిగా కూర్చోలేదు. అడుగు 0.35 నుంచి 0.37 ఆంపియర్లకు జరిగింది, ఎమిటెన్స్ 0.31 అని వచ్చింది.

ఈ సంఖ్యను నేను నమ్మలేదు. స్కాన్ పద్ధతిలో పుంజం లెన్స్ నుంచి తెర వరకు తనంతట తాను తిన్నగా పోతుందన్న ఊహ ఉంది. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి కనుక ఆ ఊహ కరెంటు తక్కువగా ఉన్నప్పుడే చెల్లుతుంది. లెక్క వేస్తే, పుంజం 1 మిల్లీమీటరు వెడల్పున ఉన్న చోట 98 మైక్రోఆంపియర్ల వికర్షణ ఎమిటెన్స్ వల్ల కలిగే విస్తరణలో సగానికి పైగా ఉంటుంది. 1.5 మిల్లీమీటర్లున్న లెన్స్ దగ్గర దాన్ని మించిపోతుంది. 2 మైక్రోఆంపియర్లకు అదే నిష్పత్తి ఒక శాతం.

ఎల్‌సీఎల్‌ఎస్ గన్‌లో రాగి కాథోడ్ మీద అతినీలలోహిత లేజర్‌ను పడవేసి, 2856 మెగాహెర్ట్జ్ రేడియో తరంగంతో మీటరుకు 10 కోట్ల వోల్టులకు పైగా క్షేత్రాన్ని ఇవ్వడానికి ఉన్న కారణం ఇదే. వికర్షణ ప్రభావం ద్రవ్యవేగపు ఘనంతో తగ్గుతుంది. అంత కరెంటే 5 కిలోఎలక్ట్రాన్‌వోల్టుల వద్ద కాక 6 మెగాఎలక్ట్రాన్‌వోల్టుల వద్ద పోతుంటే ఆ ప్రభావం ఏడు లక్షల రెట్లు తగ్గుతుంది. ఎలక్ట్రాన్లు తమలో తాము తోసుకునేలోపే వాటిని వేగంలోకి నెట్టివేయాలి. మా క్షేత్రం మీటరుకు 5 లక్షల వోల్టులు, కాబట్టి మేము కొలిచే పద్ధతినే మార్చుకోవాలి.

పదమూడో వారం

50 మైక్రాన్ల మాలిబ్డినం రేకులో మిల్లీమీటరు ఎడంతో 0.1 మిల్లీమీటరు రంధ్రాలను లేజర్‌తో తొలిపించి, తెరకు 15 సెంటీమీటర్ల ముందు అమర్చాము. దీన్ని పెప్పర్-పాట్ అంటారు. రేకు పుంజంలో చాలా భాగాన్ని ఆపివేసి, ప్రతి రంధ్రం గుండా ఒక సన్నని పాయను మాత్రమే వదులుతుంది. ఒక్కో పాయలోని కరెంటు వికర్షణకు చాలనంత చిన్నది కనుక అది తెర వరకు నిజంగానే తిన్నగా పోతుంది. పాయ ఎంత విచ్చుకున్నదో చూస్తే ఆ చోట దిశల చెదురు తెలుస్తుంది, పాయల వరుస ఎంత మేర విస్తరించిందో చూస్తే పుంజం వెడల్పు తెలుస్తుంది.

బిగించే ముందు రేకును సూక్ష్మదర్శినిలో చూశాము. లేజర్ ప్రవేశించిన వైపు రంధ్రం వ్యాసం 0.13 మిల్లీమీటర్లు, నిష్క్రమించిన వైపు 0.10. ఇరుకు వైపును పుంజానికి ఎదురుగా పెట్టాము, ఎందుకంటే వెడల్పు వైపు ఎదురుగా ఉంటే రంధ్రపు వాలు గోడలను రాసుకుని చెదిరిన ఎలక్ట్రాన్లు పాయలో కలిసిపోతాయి. ఒక రంధ్రం అంచున లోహపు మొటిమ ఉంది, దాన్ని లెక్క నుంచి మినహాయించాము.

98 మైక్రోఆంపియర్ల వద్ద తీసిన మొదటి చిత్రంలో ఐదు వరుసల చుక్కలు కనిపించాయి, నడుమ ప్రకాశంగా, అంచుల్లో మసకగా, ఒకదానితో ఒకటి కలవకుండా. ఎమిటెన్స్ 0.21 వచ్చింది. వేనెల్ట్‌ను మార్చి 2 మైక్రోఆంపియర్లకు దించి, చిత్రాలను ఎక్కువసేపు పోగుచేసి కొలిస్తే 0.19, స్కాన్ చెప్పిన సంఖ్యే. స్కాన్ చూపిన 0.31లో ఎలక్ట్రాన్లు పుట్టే మూలానికి చెందినది 0.21 మాత్రమే, మిగిలినదంతా వికర్షణ వల్ల దారిలో చేరి, స్కాన్ దాన్ని మూలానికి ఆపాదించినది.

ఇక టంగ్‌స్టన్ ఫిలమెంట్ స్థానంలో మరో మూలాన్ని పెట్టే సమయం వచ్చింది. లాంథనం హెక్సాబోరైడ్ పని ప్రమేయం 2.7 ఎలక్ట్రాన్‌వోల్టులే కనుక అది 1800 కెల్విన్ వద్దనే పనిచేస్తుంది. ఉష్ణోగ్రత తగ్గినందువల్ల ఎమిటెన్స్‌లో వచ్చే లాభం 15 శాతమే. దానికంటే నాకు దాని చదునైన ముఖం మీద ఎక్కువ ఆశ ఉంది, ఎందుకంటే మా ఆరు రెట్ల తేడాకు వంపు కొనే కారణమని రంధ్రపు పలక చూపింది. దానికి 10⁻⁷ మిల్లీబార్ పీడనం కావాలి. నిన్న సాయంత్రం గొట్టానికి హీటింగ్ టేపు చుట్టి 150 డిగ్రీలకు కాల్చడం మొదలుపెట్టాము. ఈ ఉదయానికి గేజి 8×10⁻⁷ వద్ద ఉంది, ఇంకా దిగుతున్నది.